అవ్వ గడ్డం మీది చుక్కలు

ఆదివారం

అత్తమ్మ దగ్గర వాళ్ల అవ్వది, అంటే కన్నతల్లిది, ఒక్కటే ఫోటో ఉంది. అగ్గిపెట్టెంత ఉంటుంది, నిండా చుక్కలు చుక్కలుగా గరుకు. అత్తమ్మకు తెలియకుండా దాన్ని పెద్దది చేయిద్దామని ఈరోజు మా ఆయనతో ఎల్లారెడ్డిలోని ఫోటో స్టూడియోకు వెళ్లాను. స్టూడియో అన్న కంప్యూటర్‌లో చుక్కలన్నీ తుడిచేసి, ముఖం తేటగా చేసి చూపించాడు. బాగుంది, ప్రింట్ తియ్యమన్నాడు ఆయన. ఆయన ముందు నేనెప్పుడూ ఎదురు మాట్లాడింది లేదు. అయినా అడిగాను.

"అన్నా, గడ్డం మీది మూడు చుక్కలు గూడ పోయినయి. గవి మచ్చలు కావు, పచ్చబొట్లు. అత్తమ్మ ఎప్పుడూ చెప్తది."

ఆయన నవ్వాడు. "నీకు గింత గొంతున్నదా? పెండ్లైనంక ఇయ్యాలనే ఇంటున్న."

"మిషన్‌కేం ఎరుకమ్మా, అన్నీ ఒక్కటే అనుకున్నది" అంటూ స్టూడియో అన్న ఆ మూడింటినీ మళ్లీ తెచ్చాడు.

ఇంటికొచ్చి ఫోటో చేతికిస్తే అత్తమ్మ సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

"మా అవ్వనే బిడ్డా. నన్ను సంకల ఎత్తుకున్నప్పుడు ఈ చుక్కలే గిల్లుతుంటి."

నాకు కడుపు నిండిపోయింది. కనుబొమ్మలు మాత్రం పాత ఫోటోలో అంత నల్లగా లేవు. అవి అవ్వవో, మిషన్ గీసినవో... అత్తమ్మ ఫోటోను ఒళ్లోంచి దించడం లేదు. అడగబుద్ధి కాలేదు.