పేరు దాచమన్న డాక్టరుగారికి

పెద్ద డాక్టరుగారికి,

అచ్చుకాబోయే తీర్పులో మీ పేరు తీసేయడానికి ఒప్పుకోమనీ, మీ ఇంటి గుట్టు కాపాడమనీ మీరు మనిషి చేత పంపిన ఉత్తరం అందింది.

మీ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుక్కునే నన్ను, ఇరవై ఆరేళ్లప్పుడు కడుపులో గడ్డ తీస్తానని బల్ల ఎక్కించారు. నన్ను అడక్కుండానే పిల్లలు పుట్టకుండా చేశారు. ఆరేళ్లు అత్తగారు గొడ్రాలంటే తల వంచుకుని పడ్డాను. వేరే ఊరి డాక్టరమ్మ చెబితేగాని నిజం తెలియలేదు. మీ గదికొచ్చి నిలదీస్తే నవ్వారు.

"పనివాళ్లకి పిల్లలెందుకమ్మా? కనే హక్కుందని రాజ్యాంగంలో ఎక్కడ రాశారో చూపించు, చూద్దాం" అన్నారు.

నేను చూపించలేకపోయాను. పోయిన సోమవారం నేనేసిన కేసులో జడ్జిగారు చూపించారు. "రాయనంత మాత్రాన లేనట్టు కాదు. మన ఒంటి మీద మన హక్కు, మన ఇంటి గుట్టు మనతోపాటే పుడతాయి" అని ఆయన చదువుతుంటే మీరు నేల చూపులు చూశారు.

ఇంటి గుట్టు కూడా ఆ పుస్తకంలో రాసి లేదు డాక్టరుగారూ. అయినా అది మీకూ ఉంది, కాదనను. మీ ఇంటికొచ్చి బట్టలు ఉతికేటప్పుడు నా చెవినపడ్డ మాటలేవీ బయటపెట్టను. కానీ నా కడుపు కోయడం మీ ఇంటి గుట్టు కాదు. మీ పేరు ఇంటిపేరుతో సహా అచ్చవుతుంది.

నాలాగే మీ బల్ల ఎక్కి, ఆపైన పిల్లలు పుట్టని మా లాండ్రీ ఆడవాళ్లు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. తీర్పు కాపీ పట్టుకుని ఈ పొద్దున మూడిళ్లకు వెళ్లాను. ముగ్గురూ వకాలతు మీద సంతకం పెట్టారు. కాస్త ఓపిక పట్టండి, మిగతా వాళ్లూ వస్తున్నారు.