రాలిన ఉన్ని

12 మార్చి 1987, పెన్‌పహాడ్

మిర్యాలగూడలో రెండు రోజుల ట్రైనింగ్ అయిపోయింది. ఉత్త ఎండుగడ్డి మీద బతికే గొర్రెలకు సుబాబుల్ ఆకు మంచి బలమట. ఎనిమిది పేజీల నోట్స్ రాసుకున్నాను. ఇక చూడాలి ఈ పశువుల దవాఖాన అసిస్టెంట్ తడాఖా.

15 మార్చి

ముందు ఈదమ్మకే చెప్పాను. భర్త పోయాక ఇరవై రెండు నల్లగొర్రెలే ఆమెకు ఆధారం. కరువుకు వాటి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. స్కూలు వెనక తోపులో సుబాబుల్ కొమ్మలు కొట్టుకొచ్చి పెట్టమన్నాను. ఎంత పెట్టమంటవ్ సారూ అని అడిగింది. తిన్నంత పెట్టు అన్నాను, పెద్ద డాక్టరులా.

ఒక్కదానికి మాత్రం పెట్టనన్నది. అది వాళ్ల కులదేవుడు బీరప్ప పేరు మీద వదిలిన గొర్రె, దానికి కొత్త మేత ముట్టియ్యం అన్నది. లోపల నవ్వుకున్నాను.

24 మార్చి

పొదుగులు నిండాయి. పిల్లలు కడుపారా తాగుతున్నాయి. కోదాడలో ఉన్న మా ఆవిడకు ఉత్తరం రాశాను. అన్నీ గొప్పలే.

3 ఏప్రిల్

ఉన్ని ఊడిపోతోంది. చెయ్యి వేస్తే గుప్పెడు వస్తోంది. గజ్జి మందు పూశాను, ఆగలేదు. ఈదమ్మ రాలినదంతా ఏరి గోతంలో వేస్తోంది.

4 ఏప్రిల్

ఆమె మరిది లక్ష్మీనర్సయ్య వచ్చాడు. పోయినేడు మొక్కు తీర్చకపోతివి, అందుకే బీరప్ప తన గొర్రెను ఇడిసిపెట్టి అన్నిటినీ పట్టిండు వదినా అన్నాడు. రేపు సూర్యాపేట సంతకు తోలుదాం, ఎంతకొస్తే అంత అన్నాడు. ఈదమ్మ చెంపలు వేసుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

తన గొర్రెను విడిచిపెట్టి. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నేను చెప్పిన ఆకు తిననిది అదొక్కటే.

అదే రోజు, సాయంత్రం

నోట్స్ తీశాను. ఐదో పేజీ, నా రాతే. మేతలో మూడో వంతు మించరాదు, మించితే ఉన్ని రాలును. కింద గీత కూడా గీసుకున్నాను. ఎంత వెధవను.

నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

5 ఏప్రిల్, ఉదయం

మంద కదలకముందే వెళ్లాను. లక్ష్మీనర్సయ్య ఎదుటే చెప్పాను. మొక్కూ కాదు, బీరప్పా కాదు, తప్పు నాది. ఆకు ఆపి గడ్డి పెడితే ఉన్ని మళ్లీ వస్తుంది. లక్ష్మీనర్సయ్య నోటికొచ్చినట్టు తిట్టాడు. పడ్డాను.

ఈదమ్మ నన్నే చూస్తూ, అయితే నా దేవునికి నా మీద కోపం లేదంటవా అని అడిగింది. లేదన్నాను. అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి మందను దొడ్లోకి మళ్లించింది. అంత జరిగాక కూడా నన్ను నమ్మింది. ఆమె కాళ్లు మొక్కాలనిపించింది.

9 జూన్

నూగు మొలిచింది. ఒక్క గొర్రె కూడా పోలేదు. రెండు పాళ్లు గడ్డి, ఒక పాలు ఆకు. ఊరందరికీ ఇప్పుడు ఈదమ్మే చెబుతోంది, నాకంటే బాగా. నా తప్పు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదట, మరిదినీ చెప్పనియ్యలేదట. ఈ రుణం ఎట్లా తీర్చుకోవాలి?

14 డిసెంబర్

నిడమనూరుకు ట్రాన్స్‌ఫర్. ఈదమ్మ గొంగడి తెచ్చి చేతిలో పెట్టింది. అప్పుడు రాలిన ఉన్నితోనే నేయించిందట. నీదే సారూ, సలికి కప్పుకో అన్నది.

గుచ్చుకుంటోంది. తీయబుద్ధి కావడం లేదు.