అన్న ఏమీ అనలేదు

శీనన్నా,

మన పాలకేంద్రంలో పాత కంప్యూటర్ పొద్దున పాడైపోయింది. కొత్తదాంట్లో లినక్స్ ఉంది కాబట్టి, నువ్వు సి భాషలో రాసిన పాల లెక్కల ప్రోగ్రామ్‌ను ఆ మిషన్‌కు అర్థమయ్యేలా మళ్ళీ కంపైల్ చేయాల్సి వచ్చింది. బాపు ఆ ప్రోగ్రామ్‌ను ఇప్పటికీ 'మీ అన్న' అనే అంటాడు. బయట ఛత్రినాక సందు పొడుగునా క్యాన్లతో జనం. "జల్ది చెయ్ రా, ఎండకు పాలు విరుగుతయి," అని బాపు గేటు దగ్గర్నుంచి అరుస్తున్నాడు.

ఎంటర్ కొట్టగానే ఎర్రర్. conio.h అనే హెడర్ ఫైలు దొరకడం లేదట. నీ కోడ్‌లో తప్పేమైనా ఉందా అని లైను లైనూ వెతికాను. చూస్తే అది నీది కాదు, నువ్వు చనిపోయాక నేను చేర్చిన రసీదు భాగం. తెర తుడవడానికి కాలేజీ అలవాటుకొద్దీ clrscr, దానికోసం conio.h పెట్టేశాను. "గది మన కాలేజి కంపైలర్లనే ఉంటది రా. స్టాండర్డ్ హెడర్లే పెట్టు, ఏ మిషన్ల అయినా నడుస్తది," అని నువ్వు తిట్టేవాడివి.

ఆ రెండు లైన్లూ తీసేసి మళ్ళీ కొట్టాను. తెర మీద ఒక్క మాటా రాలేదు. తప్పు లేకపోతే కంపైలర్ ఏమీ అనదు. నా పని బాగుంటే నువ్వూ ఏమీ అనేవాడివి కాదు.

బాపు తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏమన్నడు రా మీ అన్న?"

"ఏమనలే, బాపూ."

"గట్లయితే సరిగ్గనే ఉన్నది," అని వెళ్ళి గేటు తీశాడు.