వెనక గది స్విచ్ ఆపకండి

నాన్నా, బస్సుకి టైమైంది, మిమ్మల్ని లేపలేదు.

టీవీలో అమ్మ వీడియోలు తెరవబోతే "కనెక్షన్ తిరస్కరించబడింది" అని వస్తోందని నిన్న మొహం చిన్నబుచ్చుకున్నారు. మీరేం పాడుచేయలేదు. ఆ వీడియోలున్న వెనక గది కంప్యూటర్ ఆగిపోయి ఉంటే టీవీ చాలాసేపు వెతుకుతుంది. వెంటనే కాదు పొమ్మందంటే కంప్యూటర్ నడుస్తూనే ఉంది, ఫైళ్ళు అందించే ప్రోగ్రామే మొదలవలేదని అర్థం. కంప్యూటర్ తెర మీద నీలం ఫోల్డర్ బొమ్మను రెండుసార్లు నొక్కి, టీవీలో మళ్ళీ తెరవండి. ఆదివారం వచ్చినప్పుడు అది తనంతట తానే మొదలయ్యేలా చేస్తాను.

అసలు సంగతేమిటంటే, ఆ గది దాటుతూ మీరు గోడ స్విచ్ ఆపేస్తున్నారు. తర్వాత మళ్ళీ వేస్తే కంప్యూటర్ లేస్తుంది గానీ ఆ ప్రోగ్రామ్ లేవదు. "ఎవడబ్బ సొమ్మని కాలుస్తున్నారు కరెంటు?" అని అమ్మ అరిచేది కదా, ఆవిడ పోయినా ఆ మాట జవదాటరు మీరు. ఈ ఒక్క స్విచ్ విషయంలో మాత్రం అమ్మ మాట వినకండి నాన్నా.

తా.క. మీరు కుట్టిన జాకెట్టు చేతులు బిగుతయ్యాయని అమ్మ మిమ్మల్ని దులిపేసే వీడియో ఉంది చూడండి, అది నేను వచ్చేదాకా ఉంచండి. చివర్లో నావైపు తిరిగి "నువ్వేం నవ్వుతున్నావే?" అంటుంది. ఆ తిట్టు మీ పక్కన కూర్చుని తినాలని ఉంది.