జాడీ కాదండీ, బీకరు

మాస్టారూ, నమస్కారం. మీరు పోయి ఏడాది కావస్తోంది. ఎలా ఉన్నారని అడగాలని లేదు.

ఏలూరు కాలేజీలో మన ల్యాబ్ అలాగే ఉంది. నేనూ అలాగే తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి వస్తున్నాను. జింక్ సల్ఫేటు, థయోయూరియా కలిపిన అదే ద్రావణం. అందులో దారానికి వేలాడే అదే చిన్న పలుకు. అది అద్దంలాంటి స్ఫటికంగా పెరగాలి. కంటికి కనపడని లేజరు కిరణం అందులోకి వెళ్ళి పచ్చటి వెలుగై బయటికి రావాలి. అప్పుడే నా థీసిస్.

పెరిగేది మాత్రం పల్చటి మజ్జిగలా మసకగా... అడుగున పంచదార రవ్వల్లా పొడి. అప్పుడు మీరేమనేవారు?

"ఏవమ్మా, ఆ నాలుగు రోజుల్లో గానీ ముట్టుకున్నావా ఏంటి? మీ అమ్మగారు ఆవకాయ జాడీ ముట్టనిస్తారా? ఇదీ అంతే."

అటెండరు ఎదుటే అనేవారు. పైగా వేళ్ళు మడిచి వెనక్కి లెక్కపెట్టేవారు... ఫిజిక్సు చెప్పే మనిషి! నేను నవ్వేసేదాన్ని. ఎందుకు నవ్వానండీ? ఇంటికెళ్ళి క్యాలెండరు చూసుకునేదాన్ని. నిజమేనేమో అనుకున్న రోజులున్నాయి. కోపమంతా అందుకే.

మీరు పోయాక ల్యాబ్‌కి కొన్నాళ్ళు తాళం వేశారు. తీసేసరికి దారం చివర, అవతలి అక్షరాలు కనపడేంత తేటగా ఒక స్ఫటికం. మీరు ఆసుపత్రిలో ఉండగా ఆ బీకరు నింపింది నేనే. సరిగ్గా మీరు వద్దనే రోజుల్లో.

కొల్లేటి గాలిలో చెమ్మ తగ్గిందేమో? ఒక్కటి చూసి నమ్మగలమా? మీరు లేరు... ఇంకేం మారింది?

బల్ల పైన సరస్వతి పటానికి మీరు రోజూ వెలిగించే అగరబత్తి లేదు. ఆవిరి పోవడానికి బీకరు మూతకు పొడిచిన సూది బెజ్జాలున్నాయే, పాత మూతల మీద వాటి చుట్టూ బూడిదే.

రెండు బీకర్లు పెట్టాను. రెండూ ఆ రోజుల్లోనే, ఈ చేత్తోనే. ఒకదాని పైన అగరబత్తి. అది మసక, రెండోది అద్దం. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

ఆ స్ఫటికాన్ని లేజరు పరీక్షకు నేనే తీసుకెళ్ళాను. గోడ మీద పచ్చటి చుక్క పడింది. ఏడుపొచ్చింది. మీరు చూడలేదని కాదు... చూసి మీరు తల దించుకోవడం నాకు దక్కలేదని. అసలు దించుకునేవారా?

పలుక్కి దారం కట్టడం నేర్పింది మీరే. ఇప్పటికీ ఆ ముడే వేస్తున్నాను. అదొక్కటీ కాదనను.

థీసిస్ మొదట్లో గైడుకి కృతజ్ఞతలు రాయడం ఆనవాయితీ అంటున్నారు. నేను రాయను. మీ ప్రస్తావన వేరేచోట వస్తుంది. స్ఫటికాన్ని చెడగొట్టిన మలినాల అధ్యాయంలో.

ఇట్లు,
అరుణ