ఎన్నిసార్లో చెప్పండి చాలు

ఎల్లారెడ్డి ఎస్సై సారుకు నమస్కారాలు.

మెసేజీలో ఏం రాశారో ఆ యాప్ కంపెనీకి కూడా తెలియదని, పోలీసులు అడిగితే ఎవరికి ఎప్పుడు పంపారో మాత్రం చెబుతుందని మా మహిళా సంఘం మీటింగులో మీరే అన్నారు.

నాకు అదే చాలు. నా భర్త రాజ్‌కుమార్ చర్చిలో డోలక్ వాయిస్తాడు. అక్కడ పాడే వందనకు పొద్దస్తమానం మెసేజీలు పెడతాడు. అడిగితే "పాటల ముచ్చటనే, నీకెందుకే?" అంటాడు. వారానికి పాడేది మూడు పాటలే కదా సారూ!

ఆమెకు ఎన్ని పంపాడో కంపెనీని అడిగి చెప్పండి. కేసు కావాలంటే రాసుకోండి. ఆయన్ను మాత్రం స్టేషనుకు పిలవకండి.

నాకు పంపినవి అడగనక్కర్లేదు. ఈ ఏడాది మొత్తం రెండే. మొదటిది "తిన్నవా?" అని. వెంటనే రెండోది, "గా మెసేజ్ నీకు కాదు" అని.