బండను చుట్టిన గోడ

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మాదాపూర్ ఆఫీసులో మూడు వారాలుగా నాకు ఒకటే పని: జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రోమర్‌బెర్గ్ అనే పాత చౌక్ ఉంది, దాని ఇళ్ల నక్షలను కంప్యూటర్‌లో మళ్లీ గీయడం. కళ్లు మండుతున్నాయి. అవి చెక్క చట్రాల ఇళ్లు. ఒక్కో అంతస్తు కిందిదాని కన్నా కాస్త ముందుకు జరిగి ఉంటుంది. పొరపాటనుకుని అన్నిటినీ నిట్టనిలువుగా సరిచేసేశాను.

"ఏందమ్మా, గిట్ల సక్కగ గీసినవ్? వాళ్లకు ఎట్లుంటే అట్లనే గావాలె" అని మా మేనేజర్ వెనక్కిచ్చాడు.

ఆ ఇళ్లు యుద్ధంలో బాంబులకు పోతే, దాదాపు నలభై ఏళ్లకు పాత నక్షలు, ఫొటోలు చూసి మళ్లీ కట్టుకున్నారట.

మన ఇల్లు పోయిన నెల రోడ్డు వెడల్పు చేయడంలో పోయింది. మేస్త్రివి, నువ్వు నక్ష లేకుండానే కట్టావు. మధ్యాహ్నం అన్నం మానేసి దాన్ని గీయబోయాను. వంటింటి వెనక గోడ దగ్గర ఆగిపోయాను. అక్కడ నేలలోంచి లేచిన పెద్ద బండ అడ్డొస్తే, "బండను పగలగొట్టుడెందుకు బిడ్డా, గోడనే జర తిరుగుతది" అన్నావు కదా. ఎంత తిప్పావో తెలీదు. తిన్నగా గీయడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం ఆ బండనైనా కొలుద్దామని టేపు పట్టుకుని మన ఇంటి జాగాకు వెళ్లాను. బండను పేల్చేసి నేల చదును చేశారు. నక్షలో ఆ గోడ చోటు ఖాళీగానే ఉంది.